చెఱువు గట్టున పుట్టిన కళలు: ఓరుగల్లు సీమ నేర్పు పాఠము

వ్యవసాయదారుల సహకార పత్రికయందు కళను గూర్చిన పాఠమేల యని కొందఱు సభ్యులు తలపవచ్చును. విత్తనము, ఎరువు, పరపతి, అమ్మకము అనువానిని గూర్చి మాసమాసమును చెప్పుకొనుచున్నాము. నీటిని గూర్చియు చెప్పుకొనుచున్నాము. కాని నీటిని కాపాడుకొను పనికిని, ఱాతిపై చెక్కిన చెక్కడమునకును, గోడపై వ్రాసిన బొమ్మకును, ఆడువారు పేర్చు పూలకును గల సంబంధమును విచారించుట అరుదు. ఓరుగల్లు సీమయందు ఆ సంబంధము కన్నులకు కట్టినట్లు అగపడును. కావున ఈ మాసపు పాఠమునకు దానినే విషయముగా గైకొనుచున్నాము.

మా ఉద్దేశ్యములు రెండు. మొదటిది, ఈ సీమ పూర్వులు నీటిపనిని కళతో నెట్లు ముడివేసిరో తెలిసికొనుట. రెండవది, ఆ త్రోవను మన గ్రామములలో, మన సంఘముల చేతిమీదుగా, స్వల్పవ్యయముతో నేడేమి చేయవచ్చునో నిర్ణయించుకొనుట. ఇది వినోదము కొఱకు చెప్పు మాట కాదు. చెఱువు హద్దు మఱచిన గ్రామము చెఱువును పోగొట్టుకొనును. వాగు మొగము మఱచిన గ్రామమునకు ఒక యేడు కఱవును, మఱియొక యేడు వఱదయు తప్పవు. కాగితముపై నున్న హద్దు కచ్చేరిలో నుండును. కన్నులయెదుట నున్న హద్దు మాత్రమే జనుల మనస్సులో నిలుచును.

నేల స్వభావము

ఓరుగల్లు సీమ గోదావరి కృష్ణల నడుమనున్న మెట్ట. పెద్దనది యేదియు ఓరుగల్లు నగరమును ఒరసికొని పాఱదు. నేల ఎత్తుపల్లములుగా నుండి, ఱాతిగుట్టలతో నిండియుండును. వాన మూడు నాలుగు నెలలు మాత్రమే కురియును. కురిసిన నీరు వాలున బడి త్వరగా జారిపోవును. ఇట్టిచోట వ్యవసాయము సాగవలెనన్న నీటిని నడుమదారిలో నాపుట యొక్కటే ఉపాయము. రెండు గుట్టల నడుమ కట్ట వేసి, పై చెఱువు మత్తడి దుమికిన నీరు క్రింది చెఱువునకు చేరునట్లు వరుసగా నమర్చిన గొలుసుకట్టు చెఱువులు ఈ ఉపాయమునకు ఫలము.

కాకతీయుల కాలమున ఈ పని మిక్కిలి విస్తరించినది. మొదటి ప్రోలరాజు పేరిటి కేసరితటాకము తొలినాటిది. గణపతిదేవుడు 1199 మొదలు 1262 వఱకు ఏలెను. పాకాల చెఱువు, రామప్ప చెఱువు, గణపసముద్రము అతని కాలమునకు చెందినవి. పాకాల చెఱువును జగదాల ముమ్మడి కట్టించెనని అచ్చటి శాసనము తెలుపుచున్నది. బయ్యారము చెఱువును గణపతిదేవుని సోదరియైన మైలాంబ కట్టించి, దానికి ధర్మకీర్తిసముద్రమను పేరిడెను. ఆ చెఱువు కడ నిలిపిన శాసనము కాకతీయుల వంశక్రమమును తెలిసికొనుటకు చరిత్రకారులకు ముఖ్యాధారమైనది. ఒక స్త్రీ కట్టించిన చెఱువు ఒక రాజవంశపు చరిత్రను కాపాడినదని దీనివలన గ్రహింపనగును. లక్నవరము చెఱువు గుట్టల నడుమనున్న సందులను మాత్రమే కట్టలతో మూసి కట్టినది. ప్రకృతి తొంబదిపాళ్లు చేసియుంచిన పనిని మనుష్యుడు పదిపాళ్లతో ముగించుట యెట్లో అచ్చట చూడవచ్చును. 2016వ సంవత్సరమున పూర్వపు వరంగల్ జిల్లా పలు జిల్లాలుగా విభజింపబడుటచే ఈ చెఱువులు నేడు వేఱువేఱు జిల్లాలలో నున్నవి. వాగులు మాత్రము తమ పాతదారినే పాఱుచున్నవి.

చెఱువును కావ్యముతో సరితూచిన ఆలోచన

మన పూర్వులు ఏడింటిని సప్తసంతానములని చెప్పిరి. పుత్రుడు, నిధి, అగ్రహారము, దేవాలయము, వనము, తటాకము, కృతి అనునవి యవి. మనుష్యుడు గతించిన వెనుక అతని పేరు నిలుపునవి ఇవి యని వారి తాత్పర్యము. ఇందు చెఱువును కావ్యమును ఒక్క వరుసలోనే లెక్కించిరి. చెఱువు కట్టుట కూలిపనియనియు, కావ్యము వ్రాయుట పండితుల పనియనియు వారు వేఱుచేయలేదు. రెండింటికిని కొలత కావలెను, ఓర్పు కావలెను, ఊహ కావలెను. రెండును చేసినవానికంటె పెక్కేండ్లు జీవింపవలెను.

ఈ యాలోచనకు ఆర్థికమైన ఆధారమును వారు కల్పించిరి. చెఱువు కట్టించినవారికిని, దానిని మరమ్మతు చేయుచుండువారికిని ఆయకట్టులో కొంత భాగమును దశబంధముగా నిచ్చెడివారు. కీర్తియును గ్రాసమును కలిసియుండుటచేతనే చెఱువు తరతరములు నిలిచినది. కీర్తి మాత్రమే యున్నచో తూము బాగుచేయువాడు లేడు. గ్రాసము మాత్రమే యున్నచో చెఱువును తనదని ప్రేమించువాడు లేడు. సహకారసంఘము నడుపు మనకు ఈ మాట వేఱుగ వివరింపనక్కఱలేదు.

ఱాతిమీది పాఠ్యపుస్తకము

చెఱువు గట్టున నిలిపిన శాసనములు దానపత్రములు మాత్రమే కావు. ఓరుగల్లునకు దూరమైనను, ఈ పాఠమునకు మిక్కిలి అవసరమైన శాసనమొకటి కడప సీమయందలి పోరుమామిళ్ల చెఱువు కడ కలదు. విజయనగర రాజకుమారుడైన భాస్కరుడు 1369లో దానిని నిలిపెను. మంచి చెఱువునకు కావలసిన పండ్రెండు అంగములను, చెఱువునకు పట్టు ఆఱు దోషములను అది వరుసగా చెప్పుచున్నది. దినమునకు వేయిమంది కూలీలు, ఱాళ్లు తెచ్చుటకు నూఱు బండ్లు, రెండేండ్లు పనిచేసిరనియు అందున్నది.

అంగములలో ముఖ్యమైనవి యివి: ధనమును ధర్మబుద్ధియుగల ప్రభువు, జలశాస్త్రమెఱిగిన విద్వాంసుడు, గట్టి బంకమట్టి నేల, తీపి నీరుగల వాగు, కట్టకు ఆనుకొను గుట్ట, పొడవెక్కువ లేక దృఢమైన ఱాతికట్ట, వెడల్పును లోతునుగల గర్భము, దాపున మంచి ఱాతిగని, పంటకు తగిన పొలములు, పనితెలిసిన పనివారు.

ఆఱు దోషములను మన సభ్యులు కంఠస్థము చేయదగును. కట్టనుండి నీరూఱుట మొదటిది. చవుడు నేల రెండవది. రెండు రాజ్యముల పొలిమేరయందుండుట మూడవది. చెఱువు గర్భమున తాబేటి వీపువలె మెట్ట లేచియుండుట నాలుగవది. నీరు స్వల్పమై ఆయకట్టు విస్తారమగుట అయిదవది. నీరు విస్తారమై నేల స్వల్పమగుట ఆఱవది. ఆఱునూఱేండ్లు దాటినను వీనిలో నొక్కటియు పాతబడలేదు. రెండు రాజ్యముల పొలిమేర అనుచోట రెండు గ్రామముల పొలిమేర అని చదివికొన్నచో మూడవ దోషము నేటికిని సజీవముగ నున్నది. అయిదవ దోషము, ఆయకట్టు చివరి మడి రైతు ప్రతి వేసవియందును అనుభవించుచున్నదే.

ఈ విద్యను తాటియాకుపై వ్రాసి పెట్టెలో దాచక, అందమైన అక్షరములతో ఱాతిపై చెక్కించి, పనిచేసిన చోటనే నిలిపిరి. ఏ స్థలమును గూర్చి చెప్పుచున్నదో ఆ స్థలమునందే నిలిచి, ఆ స్థలపు వస్తువుతోనే చేయబడి, అచ్చటివారికే ఉపయోగపడు కళయే స్థలకళ. శాసనము దానికి మొదటి ఉదాహరణము.

గుడి, చెఱువు, ఇటుక

పాలంపేటలోని రామప్ప గుడిని గణపతిదేవుని సేనానియైన రేచర్ల రుద్రుడు కట్టించెను. దాని శాసనకాలము 1213. దాపుననే రామప్ప చెఱువు కలదు. 2021 జూలై 25న ఈ గుడి ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తింపబడినది. నల్లని గట్టిఱాతిలో చెక్కిన నర్తకీ విగ్రహములను చూచుటకు ఎందఱో వచ్చుచుందురు. కాని రైతు చూడవలసినవి మఱి రెండు కలవు.

ఒకటి, గోపురమునకు వాడిన ఇటుక. అది నీటిపై తేలునంత తేలికయైనది. క్రింది కట్టడముపై బరువు తగ్గించుటకు ఇట్టి ఇటుకలను చేసిరి. మఱియొకటి, పునాది. గోతిని ఇసుకతో నింపి దానిపై కట్టడము నెత్తిరి. మెత్తని నేలయందు బరువును సమముగా పంచుటకును, అదరును ఓర్చుకొనుటకును ఇది సాధనమైనది. మన్ను, ఇసుక, నీరు అనువాని గుణములను ఎఱిగినవారే ఇట్టి పని చేయగలరు. చెఱువుకట్టకు మన్ను ఎన్నుకొనుటయు, గుడి పునాదికి ఇసుక ఎన్నుకొనుటయు ఒకే విద్య యొక్క రెండు కొమ్మలు. ఓరుగల్లు కోటలోని కీర్తితోరణములపై శిల్పులు హంసలను నిలిపిరి. నీటిపక్షి లేక ఈ సీమవారికి కీర్తిద్వారము పూర్తికాలేదు.

పూలతో చేసిన పంచాంగము

ఱాతిపని ప్రభువులది. ప్రతి యింటను ఉండు కళ మఱియొకటి కలదు, అది బతుకమ్మ. భాద్రపద అమావాస్యనాడు ఎంగిలిపూలతో మొదలై తొమ్మిదవనాడు సద్దుల బతుకమ్మతో ముగియును. 2014లో తెలంగాణము దీనిని రాష్ట్రపు పండుగగా ప్రకటించినది. హనుమకొండలో పద్మాక్షి గుట్ట క్రింది గుండము కడను, వేయిస్తంభముల గుడి కడను స్త్రీలు వేలకొలది చేరుదురు.

ఈ పండుగను నీటిలెక్కతో చూచితిమా, దాని యర్థము వేఱుగా తోచును. వానలు ముగియు కాలమునకు, చెఱువు నిండియుండవలసిన కాలమునకు ఇది వచ్చును. గ్రామములోని స్త్రీలందఱును ఒకే మాఱు చెఱువు కడకు నడచి పోవుదురు. నీరెంతవఱకు వచ్చినది, మెట్లెన్ని మునిగినవి, కట్ట యెట్లున్నది, నీరు శుభ్రముగా నున్నదా యని వేలకన్నులు చూచును. ఏ యధికారియు చేయజాలని తనిఖీ యిది. గునుగు, తంగేడు, బంతి, కట్ల, గుమ్మడి పూలతో పేర్చిన బతుకమ్మ ఆ యూరి చేలగట్ల స్థితిని చూపు పటము. తంగేడు బీళ్లలోను, గునుగు చేలలోను తమంత తామే మొలచును. చేలగట్లన్నియు దున్నివేసి, కలుపుమందు చల్లినచోట ఆ పూలు కొఱవడును. అప్పుడు కాగితపు పూలు కొనుటకు బజారునకు పోవలసివచ్చును. పూలు నీట కరగిపోవును, రంగుకాగితము కరగదు. కళ తన నేలనుండి వేఱుపడినచో నీటికి హాని కలుగునని యిందువలన తెలియుచున్నది.

కట్టమీది మైసమ్మను కూడ ఇచ్చట స్మరింపవలెను. గద్దెపై పసుపుకుంకుమలతో నలంకరించిన ఱాయిని కొలుచుటకు పోవువారు కట్టపై నడువక తప్పదు. నడచినవారికి బొఱియయు, పగులును, చెమ్మయు అగపడును. విశ్వాసము ఎవరిదెట్లున్నను, కట్టపై అడుగులు పడుచుండుట కట్టకు మేలు.

చేర్యాల పటము

పూర్వపు వరంగల్ జిల్లాలోనిదై నేడు సిద్దిపేట జిల్లాలో చేరిన చేర్యాలయందు నకాషీవారు పటములు వ్రాయుదురు. ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, బంక కలిపి పూసి, ఆరబెట్టి, దానిపై ఎఱ్ఱని నేపథ్యముతో కథను వ్రాయుదురు. పటము పొడవైనది, దానిని అడ్డపట్టీలుగా విభజించి, పట్టీకి పట్టీకి నడుమ పూలఅంచు వేసి, కథను పైనుండి క్రిందికి నడపుదురు. పద్మశాలీలకు కూనపులివారును, ముదిరాజులకు కాకిపడగలవారును ఇట్టి పటములను విప్పి చూపుచు కథ చెప్పెడివారు.

పటమును ఒక్కమాఱుగా విప్పరు. కథ నడచినకొలది విప్పుదురు. చూచువాడు ముందు జరిగినదానిని మఱవక, వెనుక రానున్నదానికై వేచియుండును. వాగును చూపుటకు ఇంతకంటె తగిన పద్ధతి లేదు. నీరు కూడ పైనుండి క్రిందికి, ఒక పట్టీనుండి మఱియొక పట్టీలోనికి దిగుచున్నది. పై పట్టీలో నడ్డము కలిగినచో క్రింది పట్టీలో కథ ఆగిపోవును. ఈ సంగతిని జ్ఞప్తియందుంచుకొన్నచో ముందు చెప్పబోవు పని సులభముగా బోధపడును.

ఇతర దేశముల నీటిగుఱుతులు

ఐగుప్తు దేశమున కైరో నగరమునందలి రోదా ద్వీపములో, 861లో కట్టిన నీటికొలత బావి కలదు. దాని నడుమ ఎనిమిది పలకల పాలఱాతి స్తంభము నిలిపి, మూరల చొప్పున గీతలు చెక్కిరి. నైలునది పొంగు ఏ గీతవఱకు వచ్చెనో చూచి పంట ఎట్లుండునో ఊహించి, పన్నును నిర్ణయించెడివారు. చూచుటకు సుందరమైన ఆ స్తంభము రాజునకును రైతునకును నడుమ సాక్షి.

ఐరోపాలో ఎల్బే నదియందు కఱవుఱాళ్లు కలవు. నీరు మిక్కిలి తగ్గిన యేట బయటపడు బండలపై ఆ సంవత్సరమును చెక్కుచు వచ్చిరి. చెక్ దేశములోని దేచీన్ పట్టణము కడనున్న బండపై 1616వ సంవత్సరపు గుఱుతు నేటికిని చదువవచ్చును. 2018 నాటి వేసవి కఱవులో ఆ బండ మరల వెలువడినది. పూర్వులు తమ కష్టమును తరువాతివారికి ఱాతిపై అప్పగించిరి.

బాలి ద్వీపమున వరిరైతులు సుబాక్ అను నీటిసంఘములుగా నేర్పడి, వాగు నీటిని పై మడినుండి క్రింది మడికి పంచుకొందురు. నీటిగుడి కడ చేరి నాట్ల కాలమును నిర్ణయించుకొందురు. 2012లో ఆ మడులును గుళ్లును ప్రపంచ వారసత్వములో చేర్పబడినవి. వారిది మనవంటి సహకారమే; వారి సంఘమునకు గుడి సభాస్థలము, పండుగ లెక్కలపుస్తకము.

మఱచినందున కలుగు నష్టము

ఇంతవఱకు చెప్పినది పూర్వుల ఘనత. ఇక మన స్థితిని లెక్కించుకొందము. యాబది ఎకరముల చెఱువులో ఒక్క అడుగు మందము పూడిక చేరెననుకొందము. ఎకరమునకు 43,560 చదరపు అడుగులు గనుక పోయిన నీరు 21,78,000 ఘనపు అడుగులు. వరి పంట మొదలునుండి తుదివఱకు నాలుగడుగుల లోతు నీరు త్రాగుననుకొన్నచో, పండ్రెండున్నర ఎకరముల పంట ఆ పూడిక క్రింద పూడ్చిపెట్టబడినది. ట్రాక్టరు ట్రక్కునకు నూఱు ఘనపు అడుగుల చొప్పున దానిని ఎత్తవలెనన్న 21,780 ట్రక్కులు కావలెను. 2015లో ప్రారంభమైన మిషన్ కాకతీయ పథకమున నలువదియాఱువేలకు పైబడిన చెఱువులను బాగుచేయ నుద్దేశించిరి; తీసిన ఒండ్రుమట్టిని రైతులు తమ చేలకు తోలుకొనిరి. ఆ పని ఒకమాఱు చేసి విడుచునది కాదు. ఏటేట పూడిక చేరుచునే యుండును.

వఱద మాట మఱియొకటి. 2023 జూలై మాసాంతమున ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటయందు ఒక్క దినములో ఇంచుమించు 65 సెంటీమీటర్ల వాన కురిసినది. ఆ వఱదలలోనే ఓరుగల్లు నగరమున భద్రకాళి చెఱువు కట్టకు గండి పడినది. ఇంతటి వాన నాపుట ఎవరి తరమును కాదు. కాని నీరు పోవు దారిని ఎఱిగియుండుట మన తరమే. ఎండినయేట వాగును పొలములో కలుపుకొని, చెఱువు శిఖమున ఇండ్లు కట్టుకొన్నచోట, నీరు తన పాతహద్దును తానే వచ్చి కొలుచుకొనును.

సంఘములు చేయదగిన పనులు

మొదటి పని: చెఱువుపటము. సంఘభవనపు గోడపైన గాని, బడిగోడపైన గాని పండ్రెండడుగుల పొడవు, ఎనిమిదడుగుల ఎత్తుగల చోటు నెన్నుకొనవలెను. వాన తగులకుండ చూరు ఉండవలెను. వ్రాయుటకు ముందు నడువవలెను. నడక కట్టనుండి మొదలుపెట్టరాదు. నీరు పుట్టు గుట్టకడ మొదలుపెట్టి, వాగు వెంట దిగి, చెఱువు చేరి, తూము దాటి, కట్టకడపటి మడివఱకు పోవలెను. నీరటికానిని, గొఱ్ఱెలకాపరిని, చేపలుపట్టువారిని, చాకలివారిని, ముసలి తల్లులను అడుగవలెను. వారికి తెలిసినంత నీటిజాడ నక్షాలకు తెలియదు; నక్షాలకు తెలిసినంత కొలత వారికి తెలియదు. గ్రామనక్షాను దగ్గఱ నుంచుకొని రెంటిని సరిపోల్చవలెను.

పటమును చేర్యాల పద్ధతిని మూడు పట్టీలుగా వ్రాయవలెను. పై పట్టీలో గుట్టలు, అడవి, నీరు తెచ్చు కాలువలు, పై గ్రామపు చెఱువు. నడిమి పట్టీలో కట్ట, తూము, మత్తడి, శిఖపు హద్దు, మైసమ్మ గద్దె, బతుకమ్మ రేవు. క్రింది పట్టీలో ఆయకట్టు, పిల్లకాలువలు, చివరి మడి, క్రింది గ్రామపు చెఱువు. శిఖపు హద్దును మాత్రము చెరగని గీతగా గోడలో చెక్కించి పిదప రంగు నింపవలెను. ఎఱుపునకు జాజు, తెలుపునకు సున్నము, నలుపునకు మసి చాలును. ఆకుపచ్చకును నీలమునకును గట్టి రంగు కొనవలెను. పసుపు ఎండకు వెలిసిపోవును గనుక దానిని నమ్మరాదు.

రెండవ పని: మట్టపు ఱాయి. తూము అడుగుమట్టము మొదలుకొని మత్తడి ఎత్తువఱకు అడుగడుగునకు గీత చెక్కిన ఱాతిస్తంభమును తూము కడ నిలుపవలెను. ఊరి శిల్పిచేత చేపను గాని, హంసను గాని, తామరను గాని ప్రతి గీతకడను చెక్కించినచో చదువురానివారును నీరు చేపవఱకున్నది, తామరవఱకున్నది యని చెప్పగలరు. వారమునకొకమాఱు ఆ మట్టమును సంఘపు పుస్తకములో వ్రాయవలెను. మూడేండ్ల లెక్క చేరినచో, దసరానాటి మట్టమును బట్టి యాసంగిలో ఎన్ని ఎకరములకు నీరు చాలునో ఊహింపవచ్చును. మత్తడిని రహస్యముగా ఎత్తుటయు దించుటయు గ్రామములలో వివాదములకు మూలము. ఎత్తినచో పైవారి పొలము మునుగును. దించినచో క్రిందివారి పైరు ఎండును. అందఱెదుట నిలిచిన ఱాయి ఆ వివాదమును సగము తీర్చును.

మూడవ పని: బతుకమ్మ రేవు. పండుగకు నెల ముందే మెట్లు బాగుచేసి, కంపను తొలగించి, కట్టదరి బీటిలో గునుగు తంగేడు మొక్కలను కాపాడవలెను. కట్టపై మాత్రము చెట్లను పెరుగనీయరాదు. వాని వేళ్లు కుళ్లినచోట నీటికి దారి యేర్పడును.

నాలుగవ పని: పిల్లల మట్టిచెఱువు. పూడికమట్టితోనే బడి ఆవరణములో చిన్న చెఱువును కట్టించి, పై నుండి కుండతో నీరు పోయించవలెను. మత్తడి లేని చెఱువు కట్ట ఎట్లు తెగునో పిల్లవాడు ఒకమాఱు చూచెనా, పెద్దయైన పిదప మత్తడికి అడ్డము వేయడు.

కొన్ని జాగ్రత్తలు

పాత శాసనములకు సున్నము, నూనె, రంగు పూయరాదు; కదలింపరాదు; వానిపై కొడవళ్లు నూఱరాదు. తూము కడ చెక్కడపు ఱాయి దొరకినచో పురావస్తుశాఖవారికి తెలుపవలెను. పటములో ఎవరి యాక్రమణను పేరుపెట్టి వ్రాయరాదు. హద్దును మాత్రము సరిగా చూపవలెను, చూచువారే తెలిసికొందురు. పటము న్యాయస్థానపు సాక్ష్యము కాదు. కొలత విషయమున సర్కారు సర్వేయే ప్రమాణము.

పటమునందు సంతోషము మాత్రమే వ్రాయుట సత్యము కాదు. మేడారమున చెప్పుకొను కథను తలపుడు. కఱవుచే కప్పము కట్టలేని కోయదొరలపై కాకతీయ సేన వచ్చెననియు, జంపన్న సంపెంగవాగులో ప్రాణము విడిచెననియు, నాటినుండి అది జంపన్నవాగైనదనియు చెప్పుదురు. చెఱువులు కట్టించిన రాజ్యమునకే ఈ కథయును చెందినది. వాగు పేరు ఒక వేదనను ఎన్ని తరములు మోసినదో చూడుడు. చెఱువు క్రింద పొలము మునిగినవారు, నీరందని చివరి మడివారు, గట్టున బట్టలుదుకువారు మన పటములో నుండవలెను. లేనిచో అది సగము చెఱువే.

ఒక సంశయము

గోడపై బొమ్మ వ్రాసినంతమాత్రమున చెఱువు నిండునా యని అడుగవచ్చును. నిండదు. పూడిక తీయుటకు పార కావలెను, తూమునకు సిమెంటు కావలెను, అన్నిటికిని రూపాయి కావలెను. అయినను ఆ పారను ఏ చోట వేయవలెనో, ఆ రూపాయిని ముందు దేనికి వెచ్చింపవలెనో నిర్ణయించునపుడు ఊరందఱి మనస్సులో నొకే చిత్రముండుట అవసరము. 1956లో ముల్కనూరునందు నెలకొన్న సహకారసంఘము పెక్కేండ్లు వర్ధిల్లుటకు కారణము, లెక్క అందఱికిని తెలియుటయే యని మా అభిప్రాయము. ధనపు లెక్క పుస్తకములో నుండును. నీటి లెక్క గోడమీదను ఱాతిమీదను ఉండవలెను.

సంఘసమావేశమున చర్చించుటకు ప్రశ్నలు

1. మీ చెఱువునకు నీరు ఏ గుట్టనుండి, ఎన్ని కాలువలద్వారా వచ్చుచున్నది? అందెన్ని నేడు తెఱచియున్నవి?

2. పోరుమామిళ్ల శాసనము చెప్పిన ఆఱు దోషములలో మీ చెఱువునకు పట్టినవేవి?

3. మత్తడి ఎత్తు ఎంత? అది మాఱినదా? తెలిసిన పెద్దలెవరు?

4. మీ గ్రామమున పాత శాసనము గాని, చెక్కడపు ఱాయి గాని చెఱువు కడ కలదా? దాని స్థితి యెట్లున్నది?

5. చెఱువుపటమునకును మట్టపు ఱాతికిని సంఘము ఎంత వెచ్చింపగలదు? నడకకు పోవు అయిదుగురెవరు? అందు ఇద్దఱైనను స్త్రీలుండవలెను. ఒకరు తప్పక చివరి మడి రైతై యుండవలెను.

నడక ఎండకాలములోనే ముగించుకొనుట మేలు. నీరు తగ్గినపుడే చెఱువు తన యడుగును, హద్దును, గాయములను చూపును. తొలకరి పడిన వెనుక వానిని చూడవలెనన్న మఱియొక యేడు ఆగవలెను.